ప్రదర్శన మీది, ఖర్చు మాది: కళా సంస్థల నిర్వాహకులకు బహిరంగ లేఖ

గ్యాలరీల నిర్వాహకులకు, క్యూరేటర్లకు, సామూహిక కళా కేంద్రాలు నడిపేవారికి, కళాకారుల కోసం కెరీర్ వర్క్‌షాపులు పెట్టేవారికి, వీటన్నిటికీ నిధులిచ్చే ప్రభుత్వ, ప్రైవేటు సంస్థల పెద్దలకు,

నమస్కారం.

ఇది రాస్తున్న మేం కళాకారులం. ఈ లేఖలో ఉన్నవేవీ మీకు కొత్త సంగతులు కావు. విడివిడిగా ఉత్తరాలు రాశాం, ఈమెయిళ్లు పంపాం, ప్రారంభోత్సవాల దగ్గర మిమ్మల్ని పక్కకు పిలిచి చెప్పుకున్నాం. కొందరు శ్రద్ధగానే విన్నారు. కమిటీ ముందు పెడతామన్నారు. ఆ తర్వాత వచ్చిన ప్రకటన చూస్తే నిబంధనలన్నీ అవే, ప్రదర్శనకు అప్లై చేసేందుకు మేం కట్టే ఫీజు మాత్రం పెరిగింది. అందుకే ఇక అందరూ చదివేలా రాస్తున్నాం.

మీ పనిని తక్కువ చేయాలన్న ఉద్దేశం మాకు లేదు. చిన్న గ్యాలరీ నడపడమంటే అద్దె, కరెంటు, ఇద్దరు ముగ్గురు ఉద్యోగుల జీతాలు పోను మిగిలేది దాదాపు సున్నా అని మాకూ తెలుసు. మా ఫిర్యాదల్లా ఆ లోటు ఎవరి నెత్తిన పడుతోందన్నదే. కాటలాగ్ అచ్చు వేసినవారికి డబ్బిస్తారు. లైట్లు బిగించినవారికి ఇస్తారు. ఫొటోలు తీసినవారికి ఇస్తారు. ఇవ్వాల్సిందే. గోడ మీద బొమ్మ ఎవరు గీశారో ఆ మనిషి దగ్గరికి వచ్చేసరికి మాత్రం "మీకు మంచి ఎక్స్‌పోజర్ వస్తుందండీ" అంటారు. పైగా ఆ మనిషి దగ్గరే ఫీజు వసూలు చేస్తారు.

మా అభ్యంతరాలు ఇవి.

1. ఎంపిక కానివాళ్ల డబ్బుతో ప్రదర్శనలు నడుస్తున్నాయి.

ఒక గ్రూప్ షోకి ఐదు వందల మంది ఫీజు కట్టి అప్లై చేశారనుకుందాం. గోడలు ముప్ఫై మందికే సరిపోతాయి. అంటే వసూలైన ఫీజులో నూటికి తొంభై నాలుగు వంతులు గోడ మీద చోటు దొరకనివాళ్లే ఇచ్చారు. వాళ్లకు బదులుగా దక్కింది, అప్లికేషన్లు ఈసారి చాలా ఎక్కువగా వచ్చాయని ఒక ఈమెయిల్. ఎక్కువ మంది అప్లై చేస్తే ఎక్కువ ఆదాయం వచ్చే పద్ధతి ఉన్నంతకాలం, ఎవరు అప్లై చేయనక్కర్లేదో స్పష్టంగా చెప్పాలన్న తొందర సంస్థకు ఉండదు. "అన్ని వయసులు, అన్ని మాధ్యమాలు, ఏ అంశమైనా సరే" అని ప్రకటించి, చివరికి ఒకే తరహా పనులు, అంటే కళాకృతులు, ఎంచుకున్న ప్రదర్శనలు చూశాం. ఆ తరహాయే కావాలని ముందే రాస్తే మిగతావాళ్ల డబ్బూ సమయమూ మిగిలేవి. మేం అనవసరంగా అనుమానిస్తున్నామంటారా, లెక్కలు బయటపెట్టండి, సంతోషంగా ఒప్పుకుంటాం.

కళాకారులు మొదటినుంచీ సొంత డబ్బు పెట్టుకునే ప్రదర్శనలు చేసుకున్నారని ఒక వాదన ఉంది. 1874 ఏప్రిల్‌లో పారిస్‌లో మోనే, రెన్వార్, పిస్సారో, దెగా, బెర్త్ మోరిసో వగైరా చిత్రకారులు నదార్ అనే ఫొటోగ్రాఫర్ పాత స్టూడియోలో పెట్టుకున్న ప్రదర్శనను ఉదాహరణగా చూపిస్తారు. నిజమే, వాళ్లు చందాలు వేసుకున్నారు. కానీ అది వాళ్ల సంఘం. వాళ్ల పనికి మార్కులేసే జ్యూరీ లేదు. చందా కట్టినవాళ్లకు ప్రదర్శనలో చోటుంది. ఏడాది చివర లెక్క చూస్తే అప్పు మిగిలింది, ఆ లెక్క సభ్యులందరి ముందే తేల్చుకుని సంఘాన్ని మూసేశారు. డబ్బు పెట్టినవాళ్ల చేతిలోనే నిర్ణయం, వాళ్ల ముందే ఖాతా. మీ ఫీజు పద్ధతిలో ఈ రెండిట్లో ఒక్కటైనా ఉందా?

2. ప్రదర్శనకు పెట్టడం కూడా పనే. దానికి ప్రతిఫలం లేదు.

బొమ్మ అమ్ముడుపోతే డబ్బు వస్తుంది కదా అంటారు. అమ్మకాల కోసమే నడిచే గ్యాలరీ విషయంలో ఆ మాట కొంతవరకు చెల్లుతుంది. కానీ అమ్మకం లేని ప్రదర్శనలు, ప్రజల డబ్బుతో నడిచే కళా కేంద్రాలు, గోడంతా నిండే ఇన్‌స్టలేషన్లు, వీడియో పనులు, ప్రదర్శన అయ్యాక విప్పేసే శిల్పాలు? అక్కడ అమ్మేదేముంది?

ఈ ప్రశ్నకు ప్రపంచంలో ఎవరూ జవాబు వెతకలేదని అనుకోకండి. కెనడాలో నేషనల్ గ్యాలరీ కళాకారుల చిత్రాలను స్లైడ్లుగా వేసుకోడానికి ఉచితంగా అనుమతి అడిగినప్పుడు జాక్ ఛాంబర్స్ అనే చిత్రకారుడు కుదరదన్నాడు. ఆ గొడవలోంచే 1968లో కార్‌ఫాక్ అనే కళాకారుల సంఘం పుట్టింది. ఇరవై ఏళ్లు పట్టింది గానీ, 1988లో ఆ దేశపు కాపీరైట్ చట్టంలోకి ప్రదర్శన హక్కు వచ్చింది. అమ్మకానికో అద్దెకో కాకుండా కళాకృతిని బహిరంగంగా ప్రదర్శిస్తే ఆ హక్కు కింద కళాకారుడికి రుసుము ఇవ్వాలి. కనీస రుసుముల మీద బేరమాడే హక్కు కళాకారుల సంఘాలకు ఉందని 2014లో అక్కడి సుప్రీంకోర్టు కూడా తేల్చింది. స్వీడన్‌లో ప్రభుత్వం 2009లో కళాకారుల సంఘాలతో ఒప్పందం చేసుకుంది. ప్రదర్శనలో పెట్టినందుకు ఒక రుసుము, దాని కోసం చేసిన పనికి విడిగా ఇంకో రుసుము. న్యూయార్క్‌లో 2008లో మొదలైన వేజ్ అనే బృందం ఇంకో దారి పట్టింది. సంస్థ ఏడాది ఖర్చు ఎంతో దాన్నిబట్టి కళాకారుడికి ఇవ్వాల్సిన కనీస ఫీజు లెక్కగట్టి, అలా ఇచ్చే సంస్థలకు 2014 నుంచి గుర్తింపు ఇస్తోంది.

ఈ చివరి పద్ధతి మీలో చిన్న సంస్థలవాళ్లు ప్రత్యేకంగా చూడాలి. "మా దగ్గర అంత లేదు" అనేదే కదా మీ జవాబు. అంత లేనివాళ్లు అంత ఇవ్వనక్కర్లేదని ఆ లెక్కే చెబుతోంది. ఉన్నదాంట్లో ఒక భాగం ఇవ్వాలి, అది బడ్జెట్ రాసే రోజునే అందులో ఉండాలి. మిగిలితే ఇద్దామనుకున్నది ఎప్పుడూ మిగలదు.

3. కమీషన్ అసలు లెక్క ఎవరూ చెప్పరు.

అమ్మకం మీద సగం గ్యాలరీకి పోవడం చాలాచోట్ల మామూలే. కొనేవాళ్లను వెతికి, ఏళ్ల తరబడి ఒక కళాకారుడి వెంట నిలబడే గ్యాలరీకి ఆ సగం న్యాయమేనని మాలో చాలామంది ఒప్పుకుంటారు. అదే సగం, ఎంట్రీ ఫీజు వసూలు చేసి వారం రోజులు గోడ అద్దెకిచ్చినట్టు ఇచ్చే ప్రదర్శనలోనూ తీసుకుంటున్నారు. వంద వస్తే యాభై మీకు. మిగిలిన యాభైలోంచి ఫ్రేము, కాన్వాసు, రంగులు, రానూపోనూ రవాణా, అప్లికేషన్ ఫీజు, కాటలాగ్ కోసం అడిగిన వాటా. కొన్న మనిషి డిస్కౌంట్ అడిగితే అదీ మా యాభైలోంచే తీసిన సందర్భాలున్నాయి, అడగకుండానే. ఆ డబ్బైనా ఎప్పుడొస్తుందో తెలియదు. కొన్నవాళ్ల పేరు అడిగితే చెప్పరు.

4. ఫారం చివర చిన్న అక్షరాల్లో హక్కులన్నీ రాయించుకుంటున్నారు.

"సమర్పించిన చిత్రాలను ప్రచారం నిమిత్తం ఏ మాధ్యమంలోనైనా, శాశ్వతంగా, ఎలాంటి రుసుమూ లేకుండా వాడుకునేందుకు అంగీకరిస్తున్నాను" అనే అర్థం వచ్చే వాక్యం మీ ఫారాల్లో చాలావాటిలో ఉంది. గమనించండి, ఎంపికైన చిత్రాలని లేదు. సమర్పించినవన్నీ. అంటే ఎంపిక కానివాళ్లు ఫీజుతో పాటు బొమ్మ వాడుకునే అనుమతి కూడా ఇచ్చేసి వెళ్తున్నారు. ఈ షో ప్రచారానికి, ఈ ఏడాది చివరిదాకా, పేరు వేసి వాడుకుంటామని రాస్తే ఎవరు వద్దంటారు? కొన్ని ఫారాల్లో చిత్రాన్ని అవసరాన్నిబట్టి మార్చుకునే హక్కు కూడా అడుగుతున్నారు. కళాకారుడి పేరు, పని చెడకుండా ఉండే హక్కు గురించి, కాపీరైట్ మీద దేశాల మధ్య కుదిరిన బెర్న్ ఒప్పందంలో 1928 నుంచీ ఒక అధికరణం ఉంది. ఆర్థిక హక్కులు ఇంకొకరికి ఇచ్చేశాక కూడా అది కళాకారుడి దగ్గరే ఉంటుంది. మీ లాయర్లకు ఇది తెలియదని మేం అనుకోవడం లేదు.

5. వెళ్లినప్పుడున్నట్టు పనులు తిరిగి రావడం లేదు.

మాలో ఒకరి ఆయిల్ పెయింటింగ్ తిరిగొచ్చిన తీరు చెప్తాను. పంపేటప్పుడు బొమ్మ మీద గ్లాసిన్ అనే నున్నటి పల్చటి కాగితం, మూలలకు అట్టముక్కలు, పైన బబుల్ ర్యాప్, ఆపైన పెట్టె. విప్పిన వరసలోనే మళ్లీ కట్టండని పెట్టె మూత లోపల రాసి మరీ పంపారు. తిరిగొచ్చిన పెట్టెలో గ్లాసిన్ లేదు. బుడగలవైపు లోపలికి పెట్టి బబుల్ ర్యాప్‌ను నేరుగా రంగు మీద చుట్టారు. మందంగా వేసిన తెలుపు ఇంకా లోపల పూర్తిగా ఆరలేదు. ఆకాశం నిండా వరసగా గుండ్రటి గుంటలు పడ్డాయి. ఫ్రేము వెనక ఒక కొక్కెం ఊడిపోయి పెట్టె అడుగున దొరికింది, దాని స్క్రూలు దొరకలేదు. ఫోన్ చేస్తే, పంపేటప్పుడే అలా ఉందేమో చూసుకోండన్నారు. పని అందినరోజు నాలుగు ఫొటోలు తీసి, ఒక కాగితం మీద అది ఏ స్థితిలో ఉందో చెప్పే కండిషన్ రిపోర్టు రాసి ఇద్దరూ సంతకం పెట్టుకుని ఉంటే ఈ మాట అనే అవకాశమే ఉండేది కాదు. దానికి పది నిమిషాలు చాలు. ఇన్సూరెన్స్ సంగతి అడిగితే "కళాకారుల బాధ్యత" అని నిబంధనల్లో ఉందన్నారు. మీ తాళం కింద, మీ మనుషుల చేతుల్లో ఉన్న వస్తువుకు బాధ్యత మాదెలా అవుతుంది?

6. కెరీర్ వర్క్‌షాపుల్లో కెరీర్‌కు పనికొచ్చేది తక్కువ.

దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. నిధులిచ్చే సంస్థలు ఈమధ్య వర్క్‌షాపుల మీదే మోజు పడుతున్నాయి. ఎంతమంది హాజరయ్యారో లెక్క చూపించడం తేలిక, ఒక గ్రూప్ ఫొటోతో రిపోర్టు పూర్తవుతుంది. లోపల జరిగేది ఏమిటి? మిమ్మల్ని మీరు బ్రాండ్‌గా మలచుకోండి, రోజూ పోస్టు పెట్టండి, నెట్‌వర్కింగ్ చేయండి, ఆత్మవిశ్వాసం ముఖ్యం. సాయంత్రానికి సర్టిఫికెట్. మర్నాడు ఎవరైనా ఫోన్ చేసి "మీ బొమ్మ ధర ఎంత?" అంటే మళ్లీ అదే టెన్షన్.

మాకు నేర్పాల్సినవి వేరే ఉన్నాయి. ఒక పనికి ధర ఎలా కట్టాలి, సైజునుబట్టి కడితే ఎక్కడ లాభం, ఎక్కడ దెబ్బ, ఒకసారి పెంచిన ధరను తగ్గిస్తే పాత కొనుగోలుదారులు ఏమంటారు. గ్యాలరీలో అమ్మకానికి పెట్టేటప్పుడు తీసుకోవాల్సిన రసీదులో ఏమేం ఉండాలి. ఇన్‌వాయిస్ రాయడం, పన్ను కట్టడం. ప్రింట్ల మీద 3/20 అని, అంటే మొత్తం ఇరవై ప్రతుల్లో ఇది మూడోదని, రాశాక ఇరవై ఒకటోది వేస్తే అది ఎందుకు మోసం. ఇంట్లో ఉన్న మామూలు ఫోనుతో, కిటికీ వెలుతురులో, మెరుపు పడకుండా బొమ్మను ఫొటో తీయడం. ఏ పని ఎవరి దగ్గరుందో జాబితా రాసుకోవడం. గాలి ఆడని గదిలో టర్పెంటైన్ వాడితే ఊపిరితిత్తులకు ఏమవుతుందో. వీటిలో ఒక్కొక్కటీ ఒక పూట పని. చెప్పేవాళ్లు ప్రసిద్ధులు కానక్కర్లేదు, ఈ పనులు నిజంగా చేస్తున్నవాళ్లయితే చాలు.

అసలు కెరీర్‌కు సాయం చేయడమంటే ఎలా ఉంటుందో ఒక పాత సంగతి చెబుతుంది. 1935లో అమెరికా ప్రభుత్వం ఫెడరల్ ఆర్ట్ ప్రాజెక్ట్ మొదలుపెట్టింది. ఆర్థిక మాంద్యంలో కళాకారులకు జీతం ఇచ్చి పని చేయించిన పథకం అది. దాని కింద వందకు పైగా సామూహిక కళా కేంద్రాలు నడిచాయి. హార్లెమ్ కేంద్రానికి మొదటి డైరెక్టర్ అగస్టా సావేజ్ అనే శిల్పి. జేకబ్ లారెన్స్ అనే కుర్రాణ్ణి ఆవిడ ఆ ప్రాజెక్టులో చేర్పిద్దామని తీసుకెళ్తే వయసు చాలలేదని తిప్పి పంపారు. కుర్రాడు ఆ సంగతి వదిలేశాడు. ఆవిడ వదల్లేదు. మరుసటేడు గుర్తుపెట్టుకుని మళ్లీ తీసుకెళ్లి చేర్పించింది. జీతం వచ్చింది, బొమ్మలు వేసుకునే తీరిక వచ్చింది. 1941 నాటికి అతను నల్లజాతీయుల వలసల మీద అరవై చిత్రాల వరస పూర్తి చేశాడు. దాన్ని ఇప్పుడు అమెరికాలోని రెండు పెద్ద మ్యూజియంలు సగం సగం పంచుకుని దాచుకున్నాయి. సావేజ్ చేసింది ఏమిటి? ఒక ఫారం, ఒక ఆఫీసు, ఏడాది ఆగి మళ్లీ ఇంకోసారి. మీ వర్క్‌షాపుకు వచ్చినవాళ్లకు ఏడాది తర్వాత ఎవరైనా ఫోన్ చేసి ఏమైందని అడిగారా?

7. దీనివల్ల వెనక్కి తగ్గిపోయేది ఎవరు?

ఫీజు, ఫ్రేము, రవాణా, ప్రారంభోత్సవానికి ప్రయాణం. ఇవన్నీ భరించగలిగినవాళ్లు ఉన్నారు, వాళ్లమీద మాకు కోపం లేదు. భరించలేనివాళ్లు గొడవ చేయరు, అప్లై చేయడం మానేస్తారు, అంతే. షిఫ్టు ఉద్యోగం చేసే కుమ్మరి పనివాడు పని దినాల్లో పెట్టిన వర్క్‌షాపుకు రాలేడు. చంటిపిల్ల తల్లి పిల్లను వదిలి రెసిడెన్సీకి, అంటే కొన్నాళ్లు అక్కడే ఉండి పని చేసుకునే చోటికి, వెళ్లలేదు, పిల్లతో రావచ్చని మీరు ఎక్కడా రాయరు. చక్రాల కుర్చీలో ఉన్న ఫొటోగ్రాఫర్ రెండో అంతస్తులోని తన ఫొటో తానే చూడలేకపోతాడు. చేత్తో అద్భుతంగా చేయగలిగి, తనది కాని భాషలో తన పని గురించి మూడు వందల మాటల ఆర్టిస్ట్ స్టేట్‌మెంట్ రాయలేని మనిషి మొదటి వడపోతలోనే పోతుంది. ఈ చివరి రకం వాళ్ల పని మీ జ్యూరీ కళ్లబడనే లేదు. ఎవరో రాసిపెట్టే స్తోమత ఉన్నవాళ్ల పని మాత్రం పడింది.

నష్టం మా ఒక్కరిదే అయితే ఇంత పొడుగు లేఖ అక్కర్లేదు. చూడ్డానికి వచ్చే జనానికి గోడల మీద కనిపించేది డబ్బు పెట్టగలిగినవాళ్ల ప్రపంచమే. తమ ఇళ్లు, తమ పనులు, తమ ముఖాలు ఎక్కడా కనిపించనిచోటికి జనం రెండోసారి రారు. ఆనక మీరే "సామాన్యులు గ్యాలరీకి రావడం లేదు" అని సదస్సు పెడతారు. సమాజపు సాంస్కృతిక జీవితంలో స్వేచ్ఛగా పాల్గొనే హక్కు ప్రతి మనిషికీ ఉందని 1948 మానవ హక్కుల ప్రకటన 27వ అధికరణం చెబుతోంది. మీ వార్షిక నివేదికల మొదటి పేజీలో దాన్ని వేసుకుంటున్నారు కూడా.

మేం కోరుతున్నవి:

1. ప్రజల డబ్బు, విరాళాల డబ్బు తీసుకునే ఏ సంస్థా అప్లికేషన్ ఫీజు వసూలు చేయకూడదు. మిగతావారు వసూలు చేస్తే, ఎన్ని అప్లికేషన్లు వచ్చాయి, ఎంత వసూలైంది, దేనికి ఖర్చయింది ప్రదర్శన ముగిసిన నెలలోపు ప్రకటించాలి.

2. ప్రతి ప్రకటనలోనూ కళాకారుడికి మొత్తం ఎంత ఖర్చవుతుందో, సంస్థ ఎంత భరిస్తుందో, జ్యూరీలో ఎవరున్నారో, ఎన్ని చోట్లు ఖాళీ ఉన్నాయో మొదటి పేజీలోనే ఉండాలి.

3. అమ్మకం లేని ప్రతి ప్రదర్శనకూ రుసుము ఇవ్వాలి. మీ బడ్జెట్‌ను బట్టి ఎంతన్నది మాతో కూర్చుని తేల్చుకోండి. సున్నాకు మాత్రం ఒప్పుకోం.

4. రెండు వైపులా సంతకాలున్న అగ్రిమెంటు లేకుండా ఏ పనీ గోడ ఎక్కకూడదు. కమీషన్, డిస్కౌంట్ ఎవరి వాటాలోంచి, అమ్మిన ఎన్ని రోజుల్లో డబ్బు, ఇన్సూరెన్స్, కండిషన్ రిపోర్టు, తిరిగి పంపే ఖర్చు అన్నీ అందులో ఉండాలి. డబ్బు ముప్ఫై రోజుల్లో రావాలి.

5. చిత్రాల వాడకానికి గడువు, పరిధి, పేరు వేయడం స్పష్టంగా రాయాలి. ఎంపిక కాని చిత్రాలను ఫలితం వచ్చిన రోజే తొలగించాలి.

6. స్టేట్‌మెంట్‌ను సొంత భాషలో రాసేందుకు, లేదా మాటల్లో రికార్డు చేసి పంపేందుకు వీలుండాలి.

7. వర్క్‌షాపులకు నిధులిచ్చేవారు హాజరు లెక్కతో సరిపెట్టుకోకుండా, ఏడాది తర్వాత అందులో ఎంతమందికి ప్రదర్శన, అమ్మకం, ఆర్డరు మీద పని దొరికిందో అడగాలి. ఏం నేర్పాలో నిర్ణయించే బల్ల దగ్గర కళాకారులు ఉండాలి, వారి సమయానికి కూడా డబ్బివ్వాలి.

వీటిలో రెండోది, ఐదోది, ఆరోది చేయడానికి మీకు పైసా ఖర్చు లేదు. తర్వాతి ప్రకటనలోనే అవి కనిపించాలని అడుగుతున్నాం. మిగతావాటి మీద ఎవరు పిలిచినా వచ్చి మాట్లాడతాం. మీ బడ్జెట్ కాగితాలు తెచ్చుకోండి, మేం మా ఖర్చుల రసీదులు తెస్తాం.

అప్పటిదాకా ఈ లేఖ మీద సంతకం చేసినవాళ్లం అప్లికేషన్ ఫీజు ఉన్న ఏ ప్రదర్శనకూ పనులు పంపం. ఫీజు లేక పనులు పంపిన చోట ఫారంలోని శాశ్వత వాడకం వాక్యాన్ని కొట్టేసి, పక్కన సంతకం పెట్టి పంపుతాం. మీ జవాబు ఏదైనా, అనుకూలమైనా కాకపోయినా, ఒక్క మాట మార్చకుండా అందరి ముందూ పెడతాం.

ఇట్లు,
కొందరు చిత్రకారులు, శిల్పులు, ఫొటోగ్రాఫర్లు, ప్రింట్‌మేకర్లు